జెట్ పడవ అడుగున రెక్కలెందుకు?

బొగ్గు బాయిల పక్కన పుట్టి పెరిగినవాళ్లకు పంపు గురించి కొత్తగా చెప్పేదేమీ ఉండదు. భూగర్భ గని అయినా, ఓపెన్‌కాస్టు అయినా ఊట నీళ్లూ వాన నీళ్లూ సంపులోకి చేరుతూనే ఉంటాయి. వాటిని ఎప్పటికప్పుడు తోడి బయటికి పంపితేనే షిఫ్టు నడుస్తుంది. సింగరేణి రామగుండం-3 ఏరియాకు కేంద్రమైన సెంటినరీ కాలనీలో ఇంపెల్లర్, కేసింగ్, స్ట్రెయినర్ అనే మాటలు ఇంటిమాటల్లాగే వినిపిస్తాయి. దగ్గర్లో గోదావరి మీద సుందిళ్ల బ్యారేజీ ఉంది. దాని వెనక నిలిచే నీటిని ఎల్లంపల్లి జలాశయంలోకి ఎత్తిపోయడానికి గోలివాడలో పంపుహౌస్ కట్టారు. అక్కడి ఒక్కో మోటారు సామర్థ్యం 40 మెగావాట్లు.

సైజు ఎంతైనా పంపు చేసే పని ఒక్కటే. ఇంపెల్లర్ తిరిగి నీటికి వేగం ఇస్తుంది. కేసింగ్ ఆ నీటిని దారిలో పెడుతుంది. బయటికి దూకే నీరు పంపును వెనక్కి తోస్తుంది. డెలివరీ పైపు చివర లావాటి హోసు పట్టుకుని నిలబడ్డ ఎవరికైనా ఆ తోపుడు భుజాలకు తెలుస్తుంది. అలాంటి పంపును పడవ అడుగున బిగించి, నీటిని పైకి ఎత్తడానికి బదులు వెనక్కి చిమ్మిస్తే అదే జెట్ పడవ. న్యూటన్ మూడో నియమం తప్ప అందులో వేరే రహస్యం లేదు.

అయితే ముందుకు పరుగెత్తించడం పంపు వల్ల అవుతుంది గానీ, పడవను తిన్నగా ఉంచడం, మలుపులో పక్కకు జారిపోకుండా నిలపడం దాని ఒక్కదాని వల్ల కాదు. ఆ పనికే జెట్ పడవల అడుగున, పక్కల చిన్న చిన్న రెక్కలు అమరుస్తారు. అరచేయంత కూడా ఉండని ఆ రెక్కలు వందల కిలోల పడవను ఎలా అదుపు చేస్తాయో ఈ అధ్యాయంలో చూద్దాం.

లోతు లేని నదికి పుట్టిన పడవ

మన గోదావరి ఎగువ భాగంలో పడవలు నడపాలన్న కోరిక పాతదే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్, ఆ నది మీదుగా మధ్య భారతం నుంచి సముద్రం దాకా పత్తిని స్టీమర్లలో దించవచ్చని నమ్మాడు. ఆ పనిలో మూడు చోట్ల పెద్ద రాతి అడ్డంకులు ఎదురయ్యాయి. మొదటిది భద్రాచలం దగ్గరి దుమ్ముగూడెం. రెండోది కాళేశ్వరం దిగువన ఇచ్చంపల్లి. మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. అడ్డుకట్టలు, కాలువలు, లాకులతో ఏళ్ల తరబడి పోరాడి చివరికి 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. వానాకాలంలో పోటెత్తే నది, ఎండాకాలంలో ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతుంది. నీటిలో తిరిగే చక్రానికీ ప్రొపెల్లర్‌కీ అలాంటి చోట బతుకు లేదు. రాయి తగిలితే రెక్క విరుగుతుంది, ఇసుక తగిలితే షాఫ్టు వంగుతుంది.

ఇదే చిక్కు న్యూజిలాండులో ఒక గొర్రెల పెంపకందారుకు ఎదురైంది. పేరు విలియం హామిల్టన్. ఐరిష్‌మన్ క్రీక్ అనే చోట ఆయనకు పెద్ద పచ్చిక భూములు ఉండేవి. మంచు కొండల నుంచి దిగే అక్కడి నదులు గులకరాళ్ల మీద పలచగా, వేగంగా పారతాయి. వాటికి ఎదురెక్కే పడవ కావాలని ఆయన ఆశ. ఇంజనీరింగు మీద మక్కువ ఉన్న మనిషి కాబట్టి పడవ అడుగున నీళ్లు పీల్చి కిందికి చిమ్మే ఒక అమెరికన్ యంత్రాన్ని ఆధారం చేసుకుని 1954 నాటికి తన పడవను తయారు చేశాడు. ఆ తర్వాత చిమ్ముడు గొట్టాన్ని నీటి లోపలి నుంచి తీసి, పడవ వెనక గోడ గుండా నీటి మట్టానికి పైన అమర్చాడు. ఈ ఒక్క మార్పుతో పడవ వేగం బాగా పెరిగింది. అడుగున పొడుచుకువచ్చే వస్తువంటూ ఒక్కటీ మిగల్లేదు.

జలధారతో పడవ నడపాలన్న ఆలోచన మాత్రం ఆయనది కాదు. 1787లో జేమ్స్ రమ్సీ అమెరికాలోని పొటోమాక్ నది మీద ఆవిరి పంపుతో నీళ్లు వెనక్కి చిమ్మే పడవను జనం ముందు నడిపాడు. 1866లో బ్రిటిష్ నౌకాదళం వాటర్‌విచ్ అనే యుద్ధనౌకకు సెంట్రిఫ్యూగల్ పంపు బిగించి చూసింది. ఆ కాలపు ఇంజన్ల బరువుకు, పంపుల సామర్థ్యానికి అది గిట్టుబాటు కాలేదు. తేలికైన పెట్రోలు ఇంజన్ వచ్చాకే ఆ ఆలోచనకు ప్రాణం వచ్చింది. 1960లో హామిల్టన్ పడవలు కొలరాడో నదికి ఎదురెక్కి గ్రాండ్ కాన్యన్ దాటాయి. 1977లో ఎవరెస్టు వీరుడు ఎడ్మండ్ హిల్లరీ మూడు జెట్ పడవలతో గంగాసాగర్ దగ్గర బయలుదేరి, గంగకు ఎదురీదుతూ హిమాలయాల్లో నందప్రయాగ సమీపం దాకా వెళ్లాడు. ఆ యాత్రలో హామిల్టన్ కుటుంబం వాళ్లు కూడా పడవలు నడిపారు. జానెడు లోతు నీళ్లున్నా పరుగెత్తగల పడవ కాబట్టే అది సాధ్యమైంది.

తీసేసినప్పుడు పోయిందేమిటి

ఒడ్డు మీద ట్రాలీ ఎక్కించిన జెట్ స్కీ ఎప్పుడైనా కనిపిస్తే దాని వెనక్కి వెళ్లి వంగి చూడండి. అడుగున మధ్యలో పొడవాటి కన్నం, దానికి ఇనుప కడ్డీల జాలీ కనిపిస్తాయి. నీళ్లు లోపలికి పోయేది ఆ దారినే. జాలీ లోపల ఇంపెల్లర్ ఉంటుంది. ఆ వెనక, సుడి తిరుగుతూ వచ్చే నీటిని సరిచేసే నిలువు పలకలు. చివర సన్నబడే గొట్టం. దాని మూతికి కుడి ఎడమలకు కదిలే మరో గొట్టం తగిలించి ఉంటుంది. హ్యాండిల్ తిప్పితే ఈ మూతి తిరుగుతుంది. ఆ మూతి మీదికి దిగే పలక నీటిధారను ముందుకు మళ్లించి పడవను వెనక్కి నడుపుతుంది. చుక్కాని ఎక్కడా కనిపించదు. ప్రొపెల్లర్ బయట ఉండదు.

మామూలు మోటారు పడవలో ప్రొపెల్లరూ దాన్ని పట్టుకుని నీటిలోకి దిగే కాలూ అడుగున ఉంటాయి. పడవను తోయడం వాటి అసలు పని. అయితే అడిగినా అడగకపోయినా అవి ఇంకో పని కూడా చేస్తుంటాయి. నీటిలో నిలువుగా దిగి ఉండటం వల్ల పడవ పక్కకు జారకుండా అడ్డం పడతాయి. చుక్కాని సంగతీ అంతే. వాటన్నింటినీ తీసేసి అడుగును నున్నగా చేశాక జెట్ పడవకు లోతు బెడద పోయింది. దాంతోపాటే నీటి పట్టు కూడా పోయింది.

పట్టు లేని అడుగు ఎలా ప్రవర్తిస్తుందో మన జాలర్లకు బాగా తెలుసు. వాళ్లు నది మీద, చెరువుల మీద వేసే పుట్టి గుండ్రంగా ఉంటుంది. దానికి ముందూ వెనకా లేవు, అడుగున దూలం లేదు. తెడ్డు ఒక పక్కే వేస్తే గిర్రున తిరుగుతుంది. కొత్తవాడు ఎక్కితే ఉన్నచోటే చుట్లు కొడుతుంటాడు. తెడ్డును పుట్టికి ముందు నీళ్లలో దించి, అటూ ఇటూ ఆడిస్తూ లాక్కుపోవడం నేర్చుకున్నవాడికే అది మాట వింటుంది. పుట్టి నీటి మీద ఎటైనా ఒకే సులువుతో జారుతుంది. జెట్ పడవకు ముక్కూ తోకా ఉన్నాయి కాబట్టి అంత చిక్కు ఉండదు గానీ, సమస్య మూలం ఒక్కటే. ముందుకు జారడం సులువుగా, పక్కకు జారడం కష్టంగా ఉంటేనే ఏ పడవైనా దారిలో ఉంటుంది.

మలుపు తిప్పేది ఎవరు

హ్యాండిల్ తిప్పగానే జెట్ పడవ తిరుగుతుంది కాబట్టి, తిప్పేది నీటిధారే అనుకుంటాం. ఇందులో సగమే నిజం. ఎడమకు తిరగాలనుకుందాం. గొట్టం మూతి ఎడమ వైపుకు తిరిగి నీటిని అటు చిమ్ముతుంది. పడవ వెనక భాగం కుడికి తోసుకుపోతుంది. దాంతో ముక్కు ఎడమకు తిరుగుతుంది. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. ఎడమకు వంపు తిరిగి వెళ్లాలంటే పడవ మొత్తాన్ని ఎడమకు లాగే బలం కావాలి. నీటిధార పక్కవాటు బలం మాత్రం కుడికి పనిచేస్తోంది. అంటే ధార పడవ మొహాన్ని తిప్పుతోంది గానీ, దాని దారిని వంచడం లేదు.

దారిని వంచేది నీరే. ముక్కు ఎడమకు తిరిగినా పడవ కాసేపు పాత దిక్కులోనే జారుతూ ఉంటుంది కాబట్టి, ఎదురొచ్చే నీరు దాని కుడి పక్కను ఏటవాలుగా కొడుతుంది. ఆ నీటి ఒత్తిడే పడవను ఎడమకు నెడుతుంది. ఆ ఒత్తిడి అందుకోవడానికి అడుగున ఏదైనా నిలువు భాగం ఉండాలి. బల్లపరుపు అడుగైతే నీటికి పట్టుకునేందుకు ఏమీ దొరకదు. ముక్కు ఎడమ ఒడ్డును చూస్తూ ఉంటే పడవ మాత్రం ఎదుటి ఒడ్డు వైపు జారుకుంటూ పోతుంది.

లెక్క వేసి చూద్దాం. ఇద్దరు మనుషులతో కలిపి 600 కిలోల బరువున్న పడవ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల చొప్పున పోతోంది. 30 మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తిరగాలి. ద్రవ్యరాశిని వేగపు వర్గంతో గుణించి వ్యాసార్ధంతో భాగిస్తే 2,000 న్యూటన్లు వస్తుంది. దాదాపు 200 కిలోల బరువంత బలం పడవను మలుపు లోపలి వైపుకు లాగుతూ ఉండాలి. ఇంతా నీరే ఇవ్వాలి.

ఇప్పుడు పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల లోతు ఉన్న ఒక రెక్కను తీసుకుందాం. విమానం రెక్కకు వర్తించే సూత్రమే దీనికీ వర్తిస్తుంది. ద్రవం సాంద్రతలో సగాన్ని వేగపు వర్గంతో, రెక్క వైశాల్యంతో, కోణాన్ని బట్టి మారే ఒక గుణకంతో గుణించాలి. నీటి సాంద్రత గాలికి 800 రెట్లకు పైనే. విమానానికి పెద్ద రెక్కలు కావలసి వస్తే పడవకు అరచేయంత చాలడానికి కారణం అదే. నీరు ఏడెనిమిది డిగ్రీల ఏటవాలుగా తగిలినప్పుడు ఆ గుణకం 0.4 దాకా ఉంటుందనుకుంటే, మన రెక్క మీద 200 న్యూటన్ల బలం పడుతుంది. అలాంటివి రెండుంటే 400. మలుపుకు కావలసిన బలంలో అయిదో వంతు రెండు చిన్న పలకలు ఇచ్చేశాయి. మిగతాది ఆంగ్ల అక్షరం వి ఆకారంలో ఉండే అడుగు, దాని అంచులు, అడుగు పొడవునా ఉండే సన్నని గట్లు ఇస్తాయి.

ఇంత ఉపకారం చేసే రెక్క, తిన్నగా పోతున్నప్పుడు మోపే భారం ఎంత? పలచగా, అంచులు నునుపుగా చెక్కిన రెక్క అయితే ఇదే వేగంలో దాని నిరోధం ఒక కిలో బరువంత కూడా ఉండదు. నీరు ముందు నుంచి వస్తే పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది, పక్క నుంచి వస్తే అడ్డం నిలబడుతుంది. రెక్కలోని గొప్పతనమంతా ఇదే.

నెమ్మదిగా పోయేటప్పుడు

జెట్ పడవ నడిపేవాళ్ల నోట ఎక్కువగా వినిపించే ఫిర్యాదు వేగం గురించి కాదు, నెమ్మది గురించి. రేవు దగ్గరికి వస్తూ ఇంజన్ తగ్గిస్తే పడవ ముక్కు అటొకసారి ఇటొకసారి తిరుగుతుంది. నడిపేవాడు సరిచేస్తూనే ఉండాలి.

దీనికి రెండు కారణాలున్నాయి. పడవ వేగంగా పోతున్నప్పుడు ముక్కు పైకి లేచి, వెనక భాగమే నీటిని తాకుతుంది. నీటి పట్టు అంతా వెనకే ఉంటుంది. బాణం వెనక ఈకలు కట్టినట్టు, పట్టు వెనక ఉంటే ముక్కు దానంతటదే తిన్నగా నిలుస్తుంది. వేగం తగ్గితే పడవ నీటిలోకి దిగుతుంది. ముక్కు భాగపు పదునైన అడుగు మునిగి, పట్టు ముందుకు జరుగుతుంది. అప్పుడు ముక్కు కాస్త పక్కకు తిరిగితే ఇంకాస్త తిరగాలనే చూస్తుంది. రెండో కారణం గాలి. రెక్క మీద పడే బలం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది. సెకనుకు 10 మీటర్ల దగ్గర 200 న్యూటన్లు ఇచ్చిన రెక్క, 2 మీటర్ల దగ్గర 8 న్యూటన్లే ఇస్తుంది. పక్కగాలి తోపుడు మాత్రం పడవ నెమ్మదించిందని తగ్గదు. కాబట్టి నెమ్మది నడకలో గాలిదే పైచేయి అవుతుంది.

అందుకే వెనక భాగంలో రెక్క పెడతారు. అది పట్టును వెనక్కి లాగుతుంది. కొన్ని జెట్ పడవల్లో ఇంకో అడుగు ముందుకు వేసి, రెక్కను చిమ్ముడు గొట్టం మూతికే కింద తగిలిస్తారు. మూతితో పాటు రెక్క కూడా తిరుగుతుంది కాబట్టి ధార బలహీనంగా ఉన్నా చుక్కాని పని జరుగుతుంది. పోగొట్టుకున్న చుక్కాని, చిన్న రూపంలో మళ్లీ వచ్చి చేరిందన్నమాట.

ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి

రెక్క మంచిదే కదా అని పెద్దది పెడితే ప్రమాదం. రెక్క పడవ బరువు కేంద్రానికి చాలా కిందుగా ఉంటుంది. మలుపులో నీరు రెక్కను లోపలికి నెడుతుంటే, పైనున్న బరువు పాత దిక్కుకే పోవాలని చూస్తుంది. ఫలితంగా పడవ మలుపుకు బయటి వైపు ఒరుగుతుంది. రెక్క మరీ లోతుగా ఉంటే బయటి అంచు నీటిలో గుచ్చుకుని పడవ బోల్తా పడవచ్చు. అంచేత పట్టు ఉండాలి, మితిమీరకూడదు. హద్దు దాటిన బలం వచ్చినప్పుడు పడవ కాస్త పక్కకు జారి ఊపిరి పీల్చుకునే వీలుండాలి. మంచి రూపకర్త వెతికేది ఆ హద్దునే.

రెక్కను మరీ ముందుకు పెడితే ముక్కు నీటిని పట్టేసుకుని, తోక బయటికి కొట్టుకుపోతుంది. నీళ్లు పీల్చే కన్నానికి సరిగ్గా ఎదురుగా పెడితే ఇంకో చిక్కు. రెక్క తలనుంచి రాలే సుడులూ గాలి బుడగలూ నేరుగా పంపులోకి పోతాయి. గాలి పీల్చిన పంపు ఏం చేస్తుందో గని పంపు దగ్గర పనిచేసినవాళ్లను అడగనక్కర్లేదు. చప్పుడు మారుతుంది, మోటారు తేలికగా తిరుగుతుంది, నీళ్లు మాత్రం రావు. పడవలో అయితే ఇంజన్ గీపెడుతుంది, పడవ ముందుకు కదలదు. అందుకే పీల్చే కన్నానికి ఎదురుగా ఉండే అడుగు భాగాన్ని నున్నగా ఉంచుతారు. గట్లు ఉన్నా ముందే ఆపేస్తారు. రెక్కల్ని కన్నానికి రెండు పక్కలా, లేదా వెనక అమరుస్తారు.

జెట్ స్కీల్లో ఈ పని వెనక భాగంలో రెండు పక్కలా బిగించిన స్పాన్సన్లు చేస్తాయి. మనిషి మలుపులోకి వంగితే లోపలి వైపు స్పాన్సన్ నీటిలోకి దిగి పట్టు ఇస్తుంది. తిన్నగా పోయేటప్పుడు చాలావరకు నీటి పైనే ఉంటుంది. వాటిని కిందికో పైకో జరిపి బిగించే ఏర్పాటు కూడా కొన్నింటిలో ఉంటుంది. కిందికి దించితే మలుపులో పట్టు ఎక్కువ, పైకి ఎత్తితే జారుడు ఎక్కువ. పందేల్లో పాల్గొనేవాళ్లు నీటి తీరును బట్టి ఈ ఎత్తు మారుస్తారు.

ఒక చిన్న రెక్క ఎంత మార్పు తేగలదో అలల మీద ఆడే సర్ఫింగ్ పలక చరిత్ర చెబుతుంది. 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికన్, పాత స్పీడుబోటు నుంచి ఊడదీసిన అడుగు పలకను తన సర్ఫింగ్ పలకకు బిగించాడు. అంతవరకు అల మీద వెనక భాగం జారిపోకుండా కాలు నీళ్లలోకి దించి ఆపుకునేవాళ్లు. ఈ రెక్క వచ్చాక ఆ అవసరం తీరింది. నేడు రెక్క లేని సర్ఫింగ్ పలక అరుదు.

థ్రాటిల్ వదిలితే

జెట్ పడవలోని అసలు ప్రమాదం ఇక్కడుంది. ఎదురుగా ఏదైనా కనిపిస్తే మనిషి చేసే మొదటి పని థ్రాటిల్ వదిలేయడం. రోడ్డు మీద బండికి అది సరైన పనే. జెట్ పడవలో థ్రాటిల్ వదిలితే పంపు ఆగుతుంది, ధార ఆగుతుంది. ధార లేకపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా పడవ తిరగదు. ఉన్న వేగంతో, ఉన్న దిక్కులోనే ముందుకు జారిపోతుంది. తప్పించుకోవాలనుకున్న దాన్నే వెళ్లి గుద్దుతుంది.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 1998లో జెట్ స్కీల భద్రత మీద చేసిన అధ్యయనంలో ఈ లోపాన్ని ఎత్తిచూపి, థ్రాటిల్ వదిలాక కూడా దిశ మార్చగలిగే ఏర్పాట్లు చేయాలని తయారీదారులను కోరింది. ఆ తర్వాత వచ్చిన యంత్రాల్లో రెక్కకు కొత్త బాధ్యత పడింది. థ్రాటిల్ వదిలిన క్షణాన రెండు పక్కలా నీటిలోకి దిగి, హ్యాండిల్‌తో పాటు తిరిగే పలకల్ని ఒక కంపెనీ ప్రవేశపెట్టింది. కొన్ని యంత్రాలు హ్యాండిల్ గట్టిగా తిప్పితే ఇంజన్ను దానంతటదే కాస్త పెంచి ధారను నిలుపుతాయి. 2009 నుంచి నీటి మీద కూడా బ్రేకు వేయగలిగే జెట్ స్కీలు వచ్చాయి. అవి ధార మీదికి పలకను దించి నీటిని ముందుకు మళ్లిస్తాయి. ఇవన్నీ ఉన్నా, అద్దెకు ఇచ్చే పాత బండ్లలో ఇవి ఉంటాయని నమ్మకం పెట్టుకోకూడదు.

విశాఖ తీరంలో

జెట్ అంటే ఆటవస్తువే అనుకోవద్దు. కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకానిర్మాణ సంస్థ మన నౌకాదళానికి కట్టిన వేగవంతమైన దాడి నౌకలు మూడు నీటి జెట్లతో 30 నాట్లకు మించిన వేగంతో పోతాయి. ఆ వరుసలోని తర్ముగ్లి, తిహాయు నౌకలు 2016లో విశాఖపట్నంలోనే నౌకాదళంలో చేరాయి. తీర రక్షక దళం గస్తీకి వాడే ఇంటర్‌సెప్టర్ పడవలు 45 నాట్ల దాకా పోతాయి. అంటే గంటకు 83 కిలోమీటర్లు. అవీ జెట్‌తో నడిచేవే. వలలు, తాళ్లు, లోతు తక్కువ రేవులు ఉన్న తీరంలో ప్రొపెల్లర్ కన్నా జెట్‌కే చిక్కులు తక్కువ.

పెద్ద నౌక పొడవుగా, సన్నగా ఉంటుంది కాబట్టి తిన్నగా నిలిచే గుణం దాని ఆకారంలోనే కొంత ఉంటుంది. రెండు మూడు జెట్లు ఉంటే ఒకదాన్ని ముందుకు, ఒకదాన్ని వెనక్కి నడిపి నిలబడ్డచోటే తిరగవచ్చు. అయినా వెనక నుంచి తరుముకొచ్చే అలల్లో నౌక తోక పక్కకు కొట్టుకుపోకుండా అడుగున స్థిరమైన రెక్క అవసరమా, అయితే ఎంత అనే ప్రశ్న ప్రతి రూపకర్తకూ ఎదురవుతుంది. దానికి జవాబు కాగితం మీద ఒక్కటే చాలదు. విశాఖలో 1969లో ఏర్పడిన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన నీటి తొట్టె ఉంది. నౌకల నమూనాలను అందులో లాగి నిరోధాన్ని కొలుస్తారు. 2016లో అక్కడే 135 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల లోతు ఉన్న మరో తొట్టె మొదలైంది. కృత్రిమ అలల మధ్య నమూనా ఎలా మలుపు తిరుగుతుందో, ఎంత జారుతుందో అందులో చూడవచ్చు. రెక్కను నాలుగు వేళ్లు వెనక్కి జరిపితే ఏమవుతుందో కోట్ల రూపాయల నౌక కట్టకముందే అక్కడ తేల్చుకోవచ్చు.

మన గోదావరికి ఏ రెక్క

మళ్లీ సుందిళ్ల దగ్గరికి వద్దాం. 2019లో సుందిళ్లతో సహా కాళేశ్వరం ఎత్తిపోతల పథకం మూడు బ్యారేజీల్లో నీళ్లు నిలిచాక ఈ ప్రాంతంలో గోదావరి చాలా దూరం లోతైన నీటి పరుపైంది. 2022 జూలైలో వచ్చిన వరదకు ఆ పథకంలోని కన్నేపల్లి పంపుహౌస్ సైతం మునిగిపోయింది. 2023 అక్టోబరులో వాటిలో ఒకటైన మేడిగడ్డ బ్యారేజీ కుంగిన తర్వాత మూడు బ్యారేజీల్లోనూ నీళ్లు నిలపడం ఆపారు. మళ్లీ ఇసుక మేటలు, రాళ్లు బయటపడ్డాయి. ఒకే నది కొన్నేళ్ల వ్యవధిలో ఇన్ని రూపాలు చూపింది. ఇలాంటి చోట వరద సహాయానికి పడవ ఎంచుకునేవాళ్లకు రెక్క సంగతి పుస్తకాల ముచ్చట కాదు.

మునిగిన వీధిలో, తీగలూ కంచెలూ కనపడని నీటిలో, జనం పడవ చుట్టూ చేతులు చాచి ఉన్నప్పుడు బయట తిరిగే ప్రొపెల్లర్ ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. జెట్ పడవకు ఆ భయం తక్కువ. కానీ దాని అడుగున లోతైన స్థిరమైన రెక్క పెడితే అది మొదటి రాయికే తగులుతుంది, తక్కువ లోతులో పోగలిగే సుగుణం పోతుంది. రెక్క అసలే లేకపోతే ప్రవాహం అడ్డంగా కొట్టే చోట పడవ నిలవదు. అందుకే రాతి నదుల్లో తిరిగే జెట్ పడవలకు లోతైన రెక్కకు బదులు వి ఆకారపు అడుగు, పొట్టి గట్లు ఉంటాయి. చెరువుల్లో, జలాశయాల్లో, సముద్రంలో తిరిగేవాటికి లోతైన రెక్కలు పెట్టుకోవచ్చు. రెండు చోట్లా తిరగాల్సిన పడవకు తగిలితే పైకి లేచే రెక్కే మేలు.

ఇంకా రెండు జాగ్రత్తలు పంపు తెలిసినవాళ్లకు చెప్పకుండానే తడతాయి. ఇసుక కలిసిన నీరు ఇంపెల్లర్ అంచులను అరగదీస్తుంది, దానికీ కేసింగ్‌కూ మధ్య సందు పెరిగి తోపుడు తగ్గుతుంది. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు జాలీకి చుట్టుకుంటే పంపు ఊపిరాడక ఆగిపోతుంది. బాయి సంపులో స్ట్రెయినర్ శుభ్రం చేసినంత శ్రద్ధగా ఈ జాలీనీ చూసుకోవాలి.

పడవను ముందుకు తోసేది పంపే. మాట వినేలా చేసేది మాత్రం నీటి పట్టు. ఆ పట్టును తక్కువ ఖర్చుతో, తక్కువ నిరోధంతో ఇచ్చేది రెక్క. ఎంత రెక్క కావాలో నిర్ణయించేది ఇంజన్ గుర్రపు బలం కాదు, ఆ పడవ తిరిగే నీటి లోతు. వరద సహాయానికి పడవలు కొనే అధికారులు ముందు నది అడుగును చూడాలి, తర్వాతే ఇంజన్ను చూడాలి. సరదాకు విశాఖ రుషికొండ తీరంలోనో మరోచోటో జెట్ స్కీ ఎక్కే పిల్లలకు పెద్దలు ఒక్క మాట తప్పకుండా చెప్పాలి. ఎదురుగా ఏదైనా వస్తే థ్రాటిల్ పూర్తిగా వదలొద్దు, కాస్త ఉంచి పక్కకు తిప్పాలి. దూరం ఉన్నప్పుడే తిప్పడం మొదలుపెట్టాలి. లైఫ్ జాకెట్ లేకుండా బండి ఎక్కనే కూడదు.